అంచు పట్టని చెయ్యి

అక్టోబరు 3, 1927. సోమవారం.

మళ్ళీ పగిలింది. ఇది మూడోసారి. నీడలో ఆరబెట్టిన పలకలు నాలుగు, నాలుగూ అడ్డంగా బీటలిచ్చి కూర్చున్నాయి. పుట్టుకతో కుమ్మరిని. పెంకుల కంపెనీలో పదకొండేళ్ళు చేసిన మేస్త్రీని. ఈ కొండ మట్టి నన్ను నిన్న గాక మొన్న సారె పట్టినవాణ్ణి చేసి ఆడిస్తున్నాది.

ఎవరితో చెప్పుకోను? మా ఇంటిది వరమ్మతో అంటే "అయితే దిగిపోదారి" అంటుంది. దిగి ఎక్కడికి పోతాం? భీమిలిలో ఆ ఇంట్లో మళ్ళీ కాపురమా? నా వల్ల కాదు. అందుకే కాంపౌండరు దైవాధీనం గారిని అడిగి ఈ నోటుబుక్కు తెచ్చుకున్నాను. ఇందులో రాసింది ఎవరూ చదవక్కర్లేదు. నేనూ చదవను.

డాక్టరు దొరసానమ్మ కోరిక చిన్నదే. ఈ మొగలిపుట్టులో మిషను ఆస్పత్రి కట్టి రెండేళ్ళయింది, ముందు గోడ బోసిగా ఉంది. కొండ జనానికి అక్షరం రాదు గనక బోర్డు రాయించి లాభం లేదు. రంగులేస్తే ఒక్క వానాకాలానికి కడుక్కుపోతాయి. మట్టితో ఉబ్బుబొమ్మలు చేసి, కాల్చి, గాజుపూత పూసి గోడకి పొదిగితే మనవల కాలం దాకా ఉంటాయి. మార్కు సువార్తలో పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకుని ప్రభువు దగ్గరికి తెస్తారు గదా, అదే చెయ్యి మేస్త్రీ, చూసినవాళ్ళు తమ రోగుల్ని ఇలాగే ఇక్కడికి తెస్తారు, అన్నాది ఆవిడ. మొత్తం పన్నెండు పలకలు.

నేను సరేనన్నాను. మంచం మొయ్యడం నాకు తెలిసిన సంగతే.

అక్టోబరు 6.

మట్టి తవ్వి తెచ్చే యర్రమ్మ ఇవాళ నా అవస్థ చూసి పకపకా నవ్వింది. పక్క పల్లెలో గాసి అనేవాడి పెళ్ళాం. పాతికేళ్ళు కూడా ఉండవు, నోరు మాత్రం ముసలమ్మది.

"మేస్త్రీ, ఇది మీ దేశం మట్టి కాదు. ఒట్టి నీల్లు పోసి పిసికితే ఒప్పుకోదు. పుట్టమన్ను కలపాల, ఊక కలపాల. మా పొయ్యిలు ఎలగేత్తన్నామనుకున్నావు?"

పొయ్యిల మట్టికీ బొమ్మల మట్టికీ పోలికా అనుకున్నాను. సాయంత్రం ఎవరూ చూడకుండా ఒక ముద్ద కలిపి చూశాను. చెయ్యి పెడితే వెన్నలా లొంగింది. సిగ్గేసింది.

అక్టోబరు 9. ఆదివారం.

వాక్యం చెప్పినంతసేపూ నిద్రొచ్చింది. ప్రభువు క్షమించాలి. మోకాళ్ళు పట్టేశాయి.

అక్టోబరు 14.

మోసే నలుగురూ బాగా కుదిరారు. భుజాలు, పిక్కలు, తలపాగాలు, ఒకడి మెడనరం కూడా తెలుస్తున్నాది. ఇవాళ ఆరో పలక, మంచం మీది మనిషి మొహం. కూర్చుని మొదలెట్టాను, తలెత్తేసరికి పొద్దు వాలిపోయింది. అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు.

దొరసానమ్మ వచ్చి చూసి, "ఈ రోగి మరీ చిన్నవాడిలా ఉన్నాడేం మేస్త్రీ? గెడ్డం లేదేం?" అన్నాది. మంచాన పడి బక్కచిక్కినవాడికి గెడ్డం ఎక్కడి నుంచొస్తుందండీ అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

మొహం ఎవరిదీ కాదు. ఎవరిని తలుచుకునీ చెయ్యలేదు. మా పిల్ల దెబోరాకి తొమ్మిదేళ్ళు, ఈ మనిషికి ముప్పై ఉంటాయి. అదీగాక దెబోరా పోయి ఈ వానాకాలానికి నాలుగేళ్ళు నిండాయి, మొహం అంత బాగా గుర్తుండదు కూడా.

వరమ్మ అంబలి తెచ్చి, పలక వైపు చూసి, ముంత అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది. సాయంత్రం తను ఏమీ తినలేదు. ఇక్కడి చలికి దానికి ఆకలి మందగించింది.

అక్టోబరు 17.

ఇవాళ మనసు పాడైంది. పన్నెండు పలకలూ పచ్చిగా ఉండగానే వరసలో పేర్చి చూసుకుంటున్నాను. యర్రమ్మ మట్టి గంప దించి వచ్చి నిలబడింది. నవ్వలేదు.

"మంచం మీద గుంట ఎవులు మేస్త్రీ?"

"గుంట కాదు. మొగోడు. బైబిల్లో మనిషి."

"చెయ్యి కిందకి ఏలాడతన్నాదేటి?"

"పక్షవాయువు. చెయ్యి పడిపోయింది."

గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా, ఎవరో పడుకుని ఉంటే మాట్లాడినట్టు, "ఇంకా పచ్చిగానే ఉన్నాది గదా. ఆ చెయ్యి తీసి అంచు మీద ఎయ్యి. అంచు పట్టుకున్నట్టు సెయ్యి. అలగే ఒగ్గీకు" అన్నాది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు నేర్పొచ్చావా? మట్టి తెమ్మంటే మట్టి తే, చాలు" అన్నాను. గట్టిగానే అన్నాను. అది చేతులు కడుక్కుని, గంప అక్కడే వదిలేసి పోయింది.

చనువిస్తే ఇంతే. రేపు తనే వస్తుంది.

అక్టోబరు 18.

రాలేదు.

అక్టోబరు 24.

పలకలు కాల్చిన ఆవం విప్పాం. ప్రభువుకి స్తోత్రం, ఒక్క పలకా పగల్లేదు. పూత ఆకుపచ్చ దిగింది, నీళ్ళల్లో నాచు రంగు. మొహం ఉన్న పలక మీద పూత చెంపల దగ్గర కాస్త పలచబడి, జ్వరంలో ఉన్న పిల్లల మొహంలా వెచ్చగా కనిపించింది. కంపెనీలో ఇలాంటిది ఎప్పుడూ పడలేదు నాకు. చల్లారిందాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వరమ్మని పిలిస్తే రాలేదు.

యర్రమ్మకి చెప్పాలనుకున్నాను, నీ పుట్టమన్ను గెలిచిందే అని. వాళ్ళ పల్లె అరకోసు దూరం. చెయ్యి ఖాళీ కాలేదు.

అక్టోబరు 31.

గోడకి పొదగడం అయిపోయింది. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి మరీ పట్టించాను. ఏనుగొచ్చి గుద్దినా ఊడదు. దొరసానమ్మ కళ్ళు తుడుచుకుంది. దైవాధీనం గారు, "ఎలీయేజరు గారూ, మీరు పోయినా ఈ గోడ ఉంటుందండీ" అన్నారు. నడుము విరిగిపోతున్నాది. సంతోషంగా ఉండాలి గదా, ఎందుకో లేదు.

నవంబరు 5. శనివారం.

ముంచింగిపుట్టు సంత. జనం అంతా ఈ దారినే పోవాలి. పొద్దున్నే వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను, నా గోడ చూసి ఏమంటారో విందామని. పసుపు మూటలు, అడ్డాకుల కట్టలు నెత్తి మీద పెట్టుకుని వస్తున్నారు, దూరం నుంచే చూస్తున్నారు, ఆగుతున్నారు. ఆగి, దారి వదిలేసి, పొలం గట్టు మీంచి చుట్టూ తిరిగి పోతున్నారు. ఒకామె చంటిదాని మొహం కొంగుతో కప్పేసింది.

ఎండ పడకుండా కాబోలు.

మామూలుగా సంతరోజు నలభై మంది చూపించుకుంటారట. ఇవాళ ఇద్దరు. ఆ ఇద్దరూ వెనక గుమ్మంలోంచి వచ్చారు.

నవంబరు 9.

వరండాలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. "మీ బొమ్మల్ని చూసి రోగాలే పారిపోయినట్టున్నాయి మేస్త్రీగారూ" అని దైవాధీనం గారు హాస్యమాడారు. నేనూ నవ్వాను. కోతల రోజులు గదా, జనానికి తీరికెక్కడిది?

నవంబరు 12.

కోతలే. లేకపోతే కొయినా మందు చేదుకి భయపడుతున్నారు. లేకపోతే సూది. గోడ మీద పూత మాత్రం మంచుకి తడిసి ఇంకా మెరుస్తున్నాది.

నవంబరు 16.

వరమ్మ నీళ్ళకెళ్ళి కబురు తెచ్చింది. యర్రమ్మకి నాలుగు రోజులై చలిజ్వరం. లేవలేదట. ఈ కొండల్లో వానలు వెనకబట్టాక వచ్చే జ్వరం మంచిది కాదు. బేగి తీసుకురమ్మని గాసికి కబురంపాను. మనిషి రాలేదు, జవాబూ రాలేదు. మొండి జనం.

నవంబరు 18.

దొరసానమ్మతో కలిసి నేనూ వెళ్ళాను. యర్రమ్మ పొయ్యి పక్కన చాప మీద ఉంది. ఆ మనిషి ఇంత చిన్నదా అనిపించింది. దొరసానమ్మ సూది వేసి, బయటికొచ్చి, "జ్వరం తలకెక్కుతున్నది. పూటపూటకీ సూది పడాలి, రాత్రీ పగలూ నా కళ్ళ ముందుండాలి. ఆస్పత్రికి తెస్తే బతుకుతుంది. ఇక్కడే ఉంచితే రెండు రోజులు" అన్నాది.

గాసి తల అడ్డంగా తిప్పాడు. నేను కోప్పడ్డాను. ఏటి నీకు, పెళ్ళాం బతకడం అక్కర్లేదా అన్నాను. వాడు నా మొహంలోకి చూడలేదు, కాళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

"నానేం సేతును మేస్త్రీ? అదే రానంతన్నాది. ఆ గోడ కాడికి మొయ్యొద్దు, సచ్చిపోనోల్ల కాడికి నన్ను మొయ్యొద్దు అంతన్నాది."

"చచ్చిపోయినవాళ్ళెవరు?"

"నువ్వే గదా ఎట్టినావు. మంచం మీద."

వాడే మెల్లిగా విడమర్చాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఇక్కడ జబ్బుమనిషిని మంచం ఎక్కించరు. డోలీ కడతారు, కర్రకి దుప్పటి కట్టి ఇద్దరు మోస్తారు. మంచం మీద నలుగురు మోసేది శవాన్నే. ఈ కొండల్లో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

"మా వైపు జబ్బుమనిషినీ మంచం మీదే మోస్తారు. ఆ బొమ్మలో మనిషి బతికే ఉన్నాడు" అన్నాను.

"మంచం ఒక్కటే అయితే ఏదోనే అనుకుందుము. చెయ్యి ఏలాడతన్నాది గదా బాబూ. బతికున్నోడు అంచు పట్టుకుంతాడు. ఎంత జొరమొచ్చినా, పడిపోతానని బయమేసి పట్టుకుంతాడు. అది పట్టుకోలేదు. యర్రమ్మ నీకు సెప్పిందంట గదా?"

చెప్పింది.

దారంతా దొరసానమ్మ ఏదో మాట్లాడుతూనే ఉంది. ఒక్క ముక్క వినలేదు.

దెబోరా ఆస్పత్రి గుమ్మం దాకా బతికే ఉంది. నలుగురం మోశాం, తలవైపు ఎడమకోడు నాదే. ఇదే మాట అందరికీ చెప్పాను. గుమ్మం దాకా బతికే ఉంది.

నవంబరు 19. శనివారం.

పొద్దున్నుంచీ ఉలి, సుత్తి. దొరసానమ్మ ముందు వద్దంది. బైబిల్లో సంగతి గదా, విడమర్చి చెబుదాం, నేర్చుకుంటారు అన్నాది. అమ్మా, నేర్చుకునేసరికి ఆ పిల్ల ఉండదు అన్నాను. లోపలికెళ్ళిపోయింది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మా అయ్య అనేవాడు. నాకు ఏడు పట్టలేదుగానీ ఒక్క పెట్టుకి పోనూలేదు. బెల్లం నీళ్ళ సున్నం. నా పనితనానికి నేనే ఏడిచాను. నలుగురినీ కొట్టేశాను, మెడనరంవాణ్ణి కూడా. మంచం కోళ్ళు కొట్టేశాను. ఆ చెయ్యి ఉన్న పలకా పోయింది. సాయంత్రానికి పదకొండు పలకలు కింద పెంకులయ్యాయి.

ఆరోది ఉంచాను. ఉట్టి మొహమే గదా. మంచం లేదు, మోసేవాళ్ళు లేరు, చెయ్యి లేదు. మొహంతో ఎవరికేం?

నవంబరు 20. ఆదివారం.

తెల్లారేసరికి గాసి వచ్చాడు. గోడకి ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూశాడు.

"ఇంకా ఉన్నాది" అన్నాడు.

"ఒట్టి మొహంరా."

"కళ్ళు మూసుకునే ఉన్నాది గదా. అది అడిగితే నానేటి సెప్పను? గోడ మీద ఎవులూ నేరని అబద్దమాడమంతావా?"

యర్రమ్మకి ఎలాగుందిరా అంటే, పొద్దున్నించి మాట తడబడతన్నాది అన్నాడు.

అప్పుడు కూడా, దేవుడు చూస్తున్నాడు గనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను, అప్పుడు కూడా నేను సుత్తి తియ్యలేదు. సన్నటి ఉలి తీశాను. పలక చుట్టూ సున్నం గీరి గీరి, చెక్కు చెదరకుండా ఊడదీద్దామని. వరమ్మ కొంగు పట్టి కింద నిలబడింది, పడితే అందుకోడానికి. గాసి దారి మీద గొంతుక్కూర్చున్నాడు. గంట గీరితే వేలెడు లోతు దిగింది. ఇంకా మూడు వైపులున్నాయి. పొద్దు మీదికొచ్చేస్తున్నాది. వేళ్ళు రక్తం.

వరమ్మ కొంగు వదిలేసింది.

"ఒగ్గీవయ్యా. బేగి కొట్టీ."

"ఇంకొంచెం. వచ్చేస్తుంది."

"ఆ రోజూ అలగే అన్నావు. రేపు తగ్గుతాది, రేపు తగ్గుతాది అని మూడు రోజులు ఇంట్లోనే ఉంచీసినావు. మన గుంటకి ఆలస్యమైపోనాది. ఈ గుంటకి అవనీకు."

నాలుగేళ్ళలో ఆ మాట అది నాతో అనలేదు. ఇప్పుడూ తిట్టలేదు. నా చేతిలో ఉలి తీసుకుని సుత్తి పెట్టింది.

ఒక్క దెబ్బకి పోయింది. మా అయ్య చెప్పినట్టే.

రాస్తున్నాను, రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను. దెబోరా గుమ్మం దాకా బతికి లేదు. గెడ్డ నీళ్ళు దాటుతుంటే దాని చెయ్యి మంచం అంచు వదిలేసింది. కిందికి జారి, నేను అడుగేసినప్పుడల్లా నా మోకాలికి తగిలింది. అక్కడి నుంచి ఆస్పత్రి మైలున్నర. ఆ మైలున్నరా తగులుతూనే ఉంది. నాకు తెలుసు. మిగతా ముగ్గురికీ చెప్పలేదు, చెబితే మంచం దించేస్తారని. నా చేతులకి తెలుసు గనకే ఆ చెయ్యి అలా చేశాయి. ఈ కొండవాళ్ళు అక్షరం రానివాళ్ళు, గోడ మీద ఉన్నది ఉన్నట్టు చదివేశారు.

గాసి అప్పటికే పరుగెత్తాడు.

పెంకులు ఊడ్చేసి ఇద్దరం గుమ్మం దగ్గర కూర్చున్నాం. ఎంతసేపో తెలీదు. గట్టు దిగి డోలీ వచ్చింది. ముందు గాసి, వెనక వాడి తమ్ముడు. దుప్పటి బరువుకి కిందకి వేలాడుతున్నాది, లోపల మనిషి కనపడదు. నాకు చూడాలంటే భయమేసింది. వరమ్మే ముందు చూసి నా భుజం నొక్కింది.

దుప్పటి అంచు మీద నాలుగు వేళ్ళు. గోళ్ళల్లో మట్టి. గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నవంబరు 23.

జ్వరం దిగుతున్నాది. దొరసానమ్మ రెండు రాత్రులు కన్ను మూయలేదు. వరమ్మ అక్కడే ఉండి జావ తాగిస్తున్నాది. నేను పడుకున్నాను. ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది.

నవంబరు 26. శనివారం.

సంత. బోసిగోడ. వరండాలో పదిహేడు మంది.

డిసెంబరు 8.

గోడకి మళ్ళీ పని మొదలెట్టాను. దొరసానమ్మే అడిగింది, ఈసారి ఏం చెయ్యాలో మీరే వాళ్ళని అడిగి చెయ్యండి అన్నాది. ఒక కర్ర, ఇద్దరు మనుషులు, మధ్యన దుప్పటి. అంతే. నాలుగు పలకలు చాలు. "మొహం లేదేం మేస్త్రీ?" అని అడిగింది. డోలీలో మొహం కనపడదమ్మా, చెయ్యి కనపడుతుంది అన్నాను.

మళ్ళీ దెబోరా మొహం చెయ్యగలనా అని చూసుకున్నాను, ఒక ముద్ద తీసుకుని, ఊరికే. రాలేదు. మొన్నటిది ఎలా వచ్చిందో తెలీదు. ఆ ముద్ద మళ్ళీ కుప్పలో కలిపేశాను.

డిసెంబరు 12.

యర్రమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ. జుట్టంతా రాలిపోయింది. నోరు మాత్రం రాల్లేదు. "నా గంప ఏటి సేసినావు మేస్త్రీ?" అన్నాది రాగానే.

పచ్చి పలకలు పేర్చి ఉన్నాయి. గొంతుక్కూర్చోడానికి దానికి వరమ్మ సాయం పట్టింది. చూసింది. దుప్పటి అంచు మీద నేను చేసిన నాలుగు వేళ్ళనీ చూసింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, మేస్త్రీ ముందు నిలబడ్డ పనివాడిలా.

"ఇలగ కాదు" అన్నాది. "ఇది ఉట్టినే ఎట్టుకున్న చెయ్యి. పట్టుకున్నది కాదు."

"మరి నువ్వే చెయ్యి."

నా వైపు ఒకసారి చూసింది, వేళాకోళమేమోనని. తర్వాత బొటనవేలు నీళ్ళల్లో ముంచి, వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటే నొక్కింది. వేళ్ళు దుప్పటిలోకి దిగాయి. బొటనవేలి గీతలు మట్టి మీద పడ్డాయి. నునుపు చేద్దామని తడిగుడ్డ తీశాను.

"అలగే ఒగ్గీ" అన్నాది.

అలాగే వదిలేశాను.